నాలుగు వేళ్ళ ఎత్తు

మంగళవారం పొద్దున మేస్త్రి కారు కిందికి చెయ్యి నిలువుగా దూర్చాడు. నాలుగు వేళ్ళు పట్టాయి. బొటనవేలు పట్టలేదు. ఆ నాలుగు వేళ్ళనీ అలాగే దగ్గరగా పట్టుకుని, పలకరించినవాళ్ళకి తలతోనే జవాబు చెప్తూ, షెడ్డు గేటు దాటి పదడుగుల అవతలున్న స్పీడ్ బ్రేకర్ దగ్గరికి నడిచాడు. గొంతుక్కూర్చుని దాని పక్కన చెయ్యి ఆనించాడు. నాలుగు వేళ్ళూ అయిపోయాయి. దాని మీద రెండో చెయ్యి పెట్టాడు. అవీ అయిపోయాయి. ఇంకా పైన ఒక బొటనవేలంత సిమెంటు మిగిలింది.

"చచ్చాం" అన్నాడు పైకే.

ఏడు నెలలుగా ఆ కారు గురించి అతను ఆలోచించని విషయం లేదు. అన్నం తింటూ దాని ముక్కు గురించి ఆలోచించాడు. స్నానం చేస్తూ దాని తలుపు గురించి ఆలోచించాడు. ఆ తలుపు అందరి తలుపుల్లా పక్కకి తెరుచుకోదు, కోడిపుంజు రెక్క లేపినట్టు పైకి లేస్తుంది. నిద్రలో కూడా దాని రంగు గురించి కలవరించాడని భార్య చెప్పింది. ఇన్ని ఆలోచించినవాడు ఒక్క సంగతి మర్చిపోయాడు. కారన్నాక ఎప్పుడో ఒకనాడు రోడ్డెక్కాలి.

శనివారం పొద్దున్నే పళ్ళ డాక్టరు వస్తాడు. కారు ఆయనదే. కొత్తగా కొన్న మొదటి యజమాని పదకొండో రోజున ఆగి ఉన్న లారీ వెనక దూర్చేస్తే, ఆ శకలాన్ని డాక్టరు వేలంలో పాడుకుని లారీ మీద వేయించుకొచ్చాడు. అప్పుడు దానికి మొహం లేదు. "మేస్త్రీ, ముందు పళ్ళు రాలిపోయాయి గానీ చిగుళ్ళు గట్టిగానే ఉన్నాయి. కట్టేసి ఇవ్వండి. అంతా ఒరిజినల్ కండిషన్‌లో ఉండాలి" అన్నాడు. ఊళ్ళో ఉన్న పెద్ద గ్యారేజీలన్నీ చేతులెత్తేశాక తన దగ్గరికి వచ్చాడని తెలిసి కూడా మేస్త్రి ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా సొట్టలు తీస్తున్న చెయ్యి. పాత వ్యాన్ల సొట్టలు, పాలబండ్ల సొట్టలు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, జనం ఆగి చూసే కారుకి తన చెయ్యి తగలాలని ఉండదా?

ఆ కారుని శనివారం డాక్టరు తనే నడుపుకుంటూ వెళ్ళాలి. అదీ షరతు. వెళ్ళడానికి రెండే దారులు. ఈ చివర స్పీడ్ బ్రేకర్. ఆ చివర కాలవ మీద పాత వంతెన, పిల్లి ఎక్కినా అవతలి నుంచి ముందు చెవులు కనిపించేంత గూనిది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. మేస్త్రికి ముందూ గట్టే, వెనకా గట్టే.

ఇందులో అసలు మంట వేరే ఉంది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ గట్టు కట్టింది మేస్త్రే.

*

బుధవారం పొద్దున అతను పాత ఫ్రిజ్ పెట్టె అట్ట ఒకటి తీసుకుని మళ్ళీ స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వెళ్ళాడు. అట్టని దాని పక్కన నిలబెట్టి, గట్టు వంపు ఎలా ఉందో అలా పెన్సిలుతో గీత గీశాడు. నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి, బడిపిల్లాడు బొమ్మ గీస్తున్నంత శ్రద్ధగా గీస్తున్నాడు. అంతలో వెనక నుంచి చక్రాల కిర్రు వినబడింది. ఆ కిర్రు ఎవరిదో అతనికి తెలుసు. తల ఎత్తలేదు.

"ఏంటి తమ్ముడూ, కొలతలా?" అంది గుడ్లక్క.

గుడ్లక్క ఆ వీధి చివర ఉంటుంది. తోపుడు బండి మీద గుడ్ల అట్టలు పేర్చుకుని రోజూ పొద్దున్నే బయల్దేరుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గరికి రాగానే బండి ఆపుతుంది. చక్రాల కింద రెండు రాళ్ళు పెడుతుంది. ముప్పై గుడ్ల అట్టలు రెండేసి చొప్పున చేతుల్లోకి తీసుకుని, గడ్డంతో పైదాన్ని అదిమిపట్టి, గట్టు దాటి, అవతల టైర్ల షాపు అరుగు మీద పెడుతుంది. అలా ఆరుసార్లు. తర్వాత వచ్చి రాళ్ళు తీసి, ఖాళీ బండిని భుజంతో నెట్టి గట్టెక్కిస్తుంది. మళ్ళీ అరుగు మీది అట్టలన్నీ బండెక్కిస్తుంది. సాయంత్రం మిగిలిన గుడ్లతో వెనక్కి వచ్చేటప్పుడు మళ్ళీ ఇదే తంతు. పదకొండేళ్ళుగా ఈ వీధి ఈ తంతుని చూస్తోంది, పొద్దు పొడవడం చూసినట్టు.

"ఊరికే అక్కా" అన్నాడు మేస్త్రి.

"ఊరికే ఎవరైనా స్పీడ్ బ్రేకర్ని కొలుస్తారా? నాకు తెలీదనుకున్నావా?" అంది.

మేస్త్రి గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పెన్సిలు చెవి వెనక పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"నా అర్జీ సంగతే కదా" అంది గుడ్లక్క. మొహం చాటంత అయింది. "ఆఫీసువాళ్ళు కొలవరు, మేస్త్రే కొలిచి పంపుతాడని నేను అనుకుంటూనే ఉన్నా. కొలువు నాయనా, కొలువు. అట్ట పట్టుకోనా?"

ఆమె అట్ట పట్టుకుంది. మేస్త్రి గీత గీశాడు. గీత కొంచెం వంకరపోయింది.

అర్జీ సంగతి ఇది. ఆ గట్టు ఎత్తు తగ్గించమని గుడ్లక్క ఇప్పటికి నాలుగుసార్లు రోడ్ల ఆఫీసుకి అర్జీ పెట్టింది. ఆమెకి రాయడం రాదు. నాలుగుసార్లూ రాసిపెట్టింది మేస్త్రే. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. అందులో విషయం మాత్రం "తమకు వీలు కుదిరినప్పుడు, ఇతర పనులకు ఆటంకం లేనిచో" అంటూ నీళ్ళు నమిలినట్టు ఉంటుంది. ఆఫీసు నుంచి ఒక్కసారే జవాబొచ్చింది. తమ రికార్డుల ప్రకారం ఆ స్పీడ్ బ్రేకర్ ఎత్తు రెండున్నర అంగుళాలే కాబట్టి ఎవరికీ ఎటువంటి ఇబ్బందీ లేదని. ఆ కాగితాన్ని మేస్త్రే చదివి వినిపించాడు. "రెండున్నరా? అయితే నా గుడ్లే పొట్టివేమో" అంది ఆమె అప్పుడు, అంతే.

అట్టని గీత వెంబడి కోసి, షెడ్డులోకి తెచ్చి, నేల మీద పెట్టి కారు ముక్కు కిందికి జరిపాడు. ముక్కుకి తగిలి ఆగింది. బలవంతంగా ఇంకాస్త నెడితే వంగింది. అట్ట కాబట్టి వంగింది, సిమెంటు అయితే వంగేది ముక్కు.

ఆ ముక్కు కోసం పడ్డ పాట్లు తల్చుకుంటే అతనికి ఏడుపొచ్చింది. మొదటి రోజున అలవాటు ప్రకారం సుత్తి తీసుకుని దాని బుగ్గ మీద మెల్లిగా కొట్టాడు. ఇనుము మోగలేదు, అట్టపెట్టె చప్పుడు చేసింది. చూస్తే, ఇనుమూ కాదు, రేకూ కాదు, నల్లటి గుడ్డ పొరలు పొరలుగా జిగురుతో అతికించి గట్టిపరిచారు. సుత్తి చేతిలో పట్టుకుని పెళ్ళిలో చెప్పులు పోగొట్టుకున్నవాడిలా నిలబడ్డాడు. అప్పుడే క్యారేజీ పట్టుకుని భార్య వచ్చింది. ఆమె కుట్టుమిషను పని చేస్తుంది. చిరిగిన అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసి, "ఇది ఏటవాలు పోగండీ. నిలువుగా కోసి అతికిస్తే జోడు కుదరదు" అంది. ఆ రోజు నుంచీ గుడ్డ కోసింది ఆమె, జిగురు పూసింది అతను. అయిదు పొరలు, ఒక్కో పొర ఒక్కో వైపుకి. అది ఆరాక వాటర్ పేపరనే గరుకు కాగితంతో తడుపుతూ రుద్దీ రుద్దీ అతని వేలిముద్రలు అరిగిపోయాయి. ఇప్పుడు అతుకెక్కడుందో కారుని చేసినవాడు కూడా చెప్పలేడు. "ఎడం దీపం కింద రెండు పోగులు తప్పాయి" అని మాత్రం భార్య ఇప్పటికీ గొణుగుతూనే ఉంటుంది.

అలాంటి ముక్కు.

ఈ జాతి కార్లకి అవసరమైనప్పుడు ముక్కుని పైకెత్తే పంపు ఒకటి ఉంటుంది. ఈ కారుకీ ఉండాలి. వేలానికి రాకముందే ఎవరో మహానుభావుడు దాన్ని విప్పుకుపోయాడు. కొత్తది తెప్పించడానికి అయిదు నెలలు పడుతుందంటే, "వద్దులెండి, ముక్కు పైకెత్తుకు తిరిగే అలవాటు మా వంశంలో లేదు" అని డాక్టరు నవ్వేశాడు. ఆ నవ్వుకి తనూ నవ్వినందుకు మేస్త్రి ఇప్పుడు తనని తనే తిట్టుకున్నాడు.

*

ఎదురుగా టైర్ల షాపు. అది టైర్ల బావది, అంటే మేస్త్రి భార్యకి స్వయానా అన్న. గురువారం మధ్యాహ్నం మేస్త్రీ, భార్యా, బావా ముగ్గురూ షెడ్డులో కారు చుట్టూ కూర్చున్నారు, రోగి మంచం చుట్టూ కూర్చున్నట్టు.

"లారీ మీదే వచ్చింది కదా, లారీ మీదే పంపించు" అన్నాడు బావ.

"వచ్చినప్పుడు ముక్కు లేదు బావా. ఇప్పుడుంది. లారీకి వాలుగా వేసిన పలక ఎక్కించేటప్పుడు ముందు తగిలేది అదే."

"క్రేను?"

"తాడు ఎక్కడ కడతావు? గుడ్డకా?"

"పోనీ గట్టుకి అటూ ఇటూ పొడుగు చెక్కలు వేస్తే?"

చెక్కలు పొద్దున్నే వేసి చూశాడు మేస్త్రి. బావకి తెలీకుండా అతని వ్యానునే వాటి మీదికి ఎక్కించాడు. ఒక చెక్క ఫెళ్ళుమంది. ఆ వ్యాను బావది కాబట్టి ఆ సంగతి ఇప్పుడు ఎత్తలేదు.

"ఇంక ఒక్కటే దారి" అన్నాడు మేస్త్రి నేలచూపులు చూస్తూ. "మనం వేసింది మనమే తీసెయ్యాలి."

బావ కూర్చున్న టైరు మీంచి లేచాడు. "నీకేమైనా మతి పోయిందా? అది మన కామధేనువు. అది లేకపోతే నీ షెడ్డుకి ఎవడొస్తాడు, నా షాపుకి ఎవడొస్తాడు? ఎన్ని సైలెన్సర్లు ఊడాయి, ఎన్ని రిమ్ములు వంగాయి! ఆ గట్టు దగ్గర 'ధబ్' అని వినబడగానే నువ్వు జాకీ, నేను స్పానరు తీసుకుని పరిగెత్తేవాళ్ళం కాదూ?"

నిజమే. పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం, వీధంతా తలుపులేసుకుని ఉన్న వేళ, ఇద్దరూ కలిసి రెండు బస్తాల సిమెంటు కలిపి, ఆఫీసువాళ్ళు వేసిన మూడు వేళ్ళ గట్టు మీద ఇంకో పొర పోశారు. అది ఆరేదాకా రాళ్ళు అడ్డంపెట్టి, "రోడ్డు పని జరుగుతున్నది" అని మేస్త్రి ముత్యాల్లాంటి దస్తూరీతో ఒక అట్ట కూడా రాసిపెట్టాడు. అప్పుడది తమాషాగా ఉంది. చాలాకాలం తమాషాగానే ఉంది.

"అంతా తియ్యొద్దు" అన్నాడు బావ ఆలోచించి. గొంతు తగ్గించాడు. "కారు పట్టేంత మేర, ఒక పక్కనే తీద్దాం. శనివారం కారు వెళ్ళిపోతుంది. ఆదివారం పొద్దున్నే మళ్ళీ పూడ్చేద్దాం. మొదటిసారి కూడా ఆదివారమేగా చేసింది. అచ్చొచ్చిన వారం."

ఇంతసేపూ మెత్తటి గుడ్డతో కారు దీపం తుడుస్తున్న మేస్త్రి భార్య చెయ్యి ఆపింది.

"కారుకి అడ్డమొస్తే మూడు రోజుల్లో తీస్తున్నారు" అంది. "గుడ్లకి అడ్డమొస్తే పదకొండేళ్ళు చాల్లేదు."

"అది వేరు, ఇది వేరు చెల్లీ" అన్నాడు బావ.

"ఏం వేరన్నయ్యా? అది ఆడమనిషి తోసే బండి, ఇది డాక్టరు తోలే బండి. అంతేగా వేరు?"

బావ తన షాపులో ఎవరో పిలిచారన్నట్టు చెవి పెట్టి, ఎవరూ పిలవకపోయినా వెళ్ళిపోయాడు. మేస్త్రికి వెళ్ళడానికి వేరే షాపు లేదు. షెడ్డు అతనిదే. అక్కడే కూర్చుని, తుడిచిన దీపాన్నే మళ్ళీ తుడిచాడు. అక్క మొహం చాటంత అవడం కళ్ళముందు కదిలింది. సిగ్గేసింది. కానీ సిగ్గుకంటే శనివారం దగ్గరగా ఉంది.

*

శుక్రవారం పొద్దున మేస్త్రి ఉలీ సుత్తీ పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. సుద్దముక్కతో కారు వెడల్పు, దానికి అటూ ఇటూ ఒక్కో జానెడు కలిపి గీత కొట్టాడు. మొదటి దెబ్బకి రవ్వ లేచింది. పదో దెబ్బకి పగులు కనబడింది. ఆ పగుల్లో ఉలి పెట్టి ఒడుపుగా తిప్పితే పైపొర పెచ్చుగా లేచి వచ్చింది. కింద ఆఫీసువాళ్ళు వేసిన అసలు గట్టు, నున్నగా, మూడు వేళ్ళ ఎత్తున, చెక్కుచెదరకుండా ఉంది. ఎన్ని వందల కార్లకి పాత రంగు గీకి కింది రేకు చూసిన చెయ్యి అది! ఎక్కడ అసలు ఆగి ఎక్కడ నకలు మొదలైందో చూడగానే తెలిసిపోయింది. పని వేడిలో పడి, ఇది తన గుట్టన్న సంగతి మర్చిపోయి, "ఆహా, ఏం ఊడొస్తోంది!" అని మురిసిపోయాడు.

"మొత్తానికి సాధించావు!" అన్న కేక వినబడేసరికి ఉలి జారింది.

గుడ్లక్క బండి అక్కడే వదిలేసి, రెండు చేతులూ గాల్లోకెత్తి వస్తోంది. "ఏమండోయ్, చూడండి! అర్జీ రాసిన చేత్తోనే తీస్తున్నాడు! ఆఫీసువాళ్ళు రాలేదు, దొరలు రాలేదు, నా తమ్ముడు కూర్చున్నాడు ఎండలో!"

ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన వచ్చి మేస్త్రి వీపు తట్టి, "ఈ రోజుల్లో పక్కవాళ్ళ కోసం ఎవరు చేస్తారయ్యా ఇలాంటివి" అన్నాడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నవ్వాడు. ఎదురుగా షాపులో బావ టైరు వెనక్కి వంగి, ఎంతసేపటికీ లేవలేదు. ఏమైనా పడిపోయిందో, నవ్వాపుకుంటున్నాడో తెలీలేదు.

గుడ్లక్క ఇంటికి పరిగెత్తి అరడజను గుడ్లు ఉడకబెట్టి తెచ్చింది. పక్కనే కూర్చుని పెంకు వలిచి, ఉప్పు అద్ది చేతికిచ్చింది. "తిను. ఒంట్లో సత్తువ కావాలి. ఆ సగం కూడా ఉందిగా."

నోట్లో పెట్టుకున్న గుడ్డు మేస్త్రి గొంతులో అడ్డంపడింది. "ముందు ఇదవనీ అక్కా. ఆ సగం... చూద్దాం."

"చూద్దాం అంటే?"

"చూద్దామంటే చూద్దామనే."

గుడ్లక్క అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. ఇంకో గుడ్డు వలిచింది.

*

శనివారం డాక్టరు తెల్లచొక్కా వేసుకుని ఎనిమిదింటికే దిగాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి ముక్కు చూశాడు, జేబులోంచి చిన్న టార్చి తీసి దీపాల సందుల్లో వేసి చూశాడు, వేలితో అక్కడక్కడా తట్టి విన్నాడు. మేస్త్రికి తను ఒకసారి ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న రోజు గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఇలాగే చూసి, రోజూ సరిగ్గా తోముకోవడం లేదని అరగంట క్లాసు పీకాడు.

"అతుకెక్కడ?" అన్నాడు డాక్టరు.

"మీరే చెప్పాలి."

డాక్టరు మళ్ళీ ఒకసారి తిరిగి, ఓడిపోయి, మేస్త్రి చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఇవి చేతులా!" అన్నాడు.

"సగం ఈవిడవి" అన్నాడు మేస్త్రి భార్యని చూపిస్తూ. ఆమె ఎడం దీపానికి అడ్డంగా నిలబడి ఉంది.

ఇప్పుడు మేస్త్రి వంతొచ్చింది. జేబులోంచి కాగితం తీశాడు. "వినండి డాక్టరు గారూ. కొన్నామంటే సరిపోదు, కాపాడుకోవాలి. పొద్దున స్టార్ట్ చేయగానే పరుగెత్తించకూడదు, ఇంజను వేడెక్కేదాకా మెల్లిగా. మెత్తటి గుడ్డతో ఒకే వైపుకి తుడవాలి, గుండ్రంగా రుద్దితే గీతలు. పక్షి రెట్ట పడితే అప్పుడే కడగాలి, రేపు చూద్దాం అనకూడదు. ఆర్నెల్లకోసారి నొప్పి ఉన్నా లేకపోయినా నాకు చూపించాలి. నొప్పొచ్చాక వస్తే నేనేం చెయ్యలేను."

"ఇవన్నీ నేను అందరికీ చెప్పే మాటలే కదయ్యా!" అన్నాడు డాక్టరు తెల్లబోయి.

"అవునండీ. ఎవరూ వినరని కూడా మీరే చెప్పారు."

డాక్టరు రెక్కతలుపు లేపుకుని లోపల కూర్చున్నాడు. ఇంజను మేలుకుంది. టైర్ల షాపులో గోడకి వేలాడదీసిన రిమ్ములు గణగణమన్నాయి. గేట్లోంచి పసుపుపచ్చటి ముక్కు బయటికి వచ్చి గట్టు వైపు తిరిగేసరికి వీధిలో నోళ్ళన్నీ మూతపడ్డాయి. మేస్త్రి రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి, ముక్కుకీ గట్టుకీ మధ్య సందు చూస్తూ చేత్తో సైగ చేశాడు. "రండి. రండి. ఇంకా. ఆగండి! ఎడమకి బెత్తెడు. రండి."

ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. కారు పొట్ట గట్టు మీదుగా జరిగింది. మధ్యన ఒక్క వేలి సందు, అందులోంచి అవతలి వీధి వెలుతురు సన్నటి గీతలా కనబడింది. వెనక చక్రాలు ఎక్కి, దిగాయి. ఎక్కడా గీసుకోలేదు.

"అయిపోయింది!" అని అరిచి, లేవడం మర్చిపోయి, రోడ్డు మీదే చేతులు చాపుకుని పడుకున్నాడు.

కారు మలుపు తిరిగింది. దాని వెనకే, దుమ్ము ఇంకా అణగకముందే, కిర్రుకిర్రుమంటూ గుడ్లక్క బండి వచ్చింది. ఆమె గట్టు ముందు అలవాటుగా ఆగింది. చక్రాల కింద పెట్టే రాళ్ళ కోసం వంగింది. రెండు అట్టలు చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు తీసేసిన చోటు వంక చూసి, అట్టల్ని మళ్ళీ బండి మీద పెట్టి, హ్యాండిలు పట్టుకుని తోసింది. గుడ్లు కొంచెం గలగలమన్నాయి, అంతే. అవతల ఆగి వెనక్కి తిరిగి చూసింది. ఏదో మర్చిపోయినట్టుంది ఆమె వాలకం. ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తోచనట్టు వాటిని కొంగుకి తుడుచుకుంది. నేల మీద పడుకునే ఉన్న మేస్త్రి అదంతా చూశాడు. ఇందాకటి సంతోషం ఎటు పోయిందో తెలీలేదు.

*

ఆదివారం పొద్దున బావ సిమెంటు బస్తా తెచ్చి షెడ్డు గేటు దగ్గర దింపాడు. ఇసక తెచ్చాడు. నీళ్ళు కావాలి, నీళ్ళకి బకెట్టు కావాలి. టైర్ల షాపులో ఉన్న ఒక్క తొట్టీ పంక్చర్లు చూసే మురికినీళ్ళతో నిండి ఉంటుంది. మేస్త్రి షెడ్డులోని బకెట్లన్నీ రంగులు కలిపినవి.

"నేను తెస్తానుండు" అని బావ వెళ్ళాడు.

"బావా, వద్దేమో" అన్నాడు మేస్త్రి.

"బకెట్టా?"

"సిమెంటు."

"మళ్ళీ మొదలెట్టావా? కూర్చో, వస్తున్నా" అని బావ వీధి చివరికి నడిచాడు. మేస్త్రి బస్తా పక్కన కూర్చున్నాడు. బస్తా మూతి కుట్టు విప్పడానికి దారం పట్టుకున్నాడు, వదిలేశాడు, పట్టుకున్నాడు.

పది నిమిషాల్లో బావ తిరిగొచ్చాడు. చేతిలో బకెట్టు ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరి దగ్గర తెచ్చావు?"

"గుడ్లక్క దగ్గర" అన్నాడు బావ. "అప్పుడు కూడా ఆవిడ దగ్గరే తెచ్చా. నాకు గుర్తే లేదు బావా, ఒట్టు."

బకెట్టు కింద పెట్టాడు. పాత రేకు బకెట్టు. లోపల చుట్టూ వడ్డాణంలా బెత్తెడు వెడల్పున బూడిదరంగు సిమెంటు గడ్డకట్టి ఉంది. పదకొండేళ్ళ నాటిది.

"ఏమంది?"

"ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ఇది తెచ్చి చేతిలో పెట్టింది. 'పోయినసారి ఇచ్చిందే. ఈసారన్నా కడిగి ఇవ్వండి' అంది."

బావ చెప్పాపెట్టకుండా సిమెంటు బస్తా భుజానికెత్తుకుని, రోడ్డు దాటి, తన షాపులోకి వెళ్ళి, అన్నిటికంటే పెద్ద టైరు వెనక దాచేశాడు. మేస్త్రి షెడ్డులోకి వెళ్ళి ఉలీ సుత్తీ తెచ్చుకున్నాడు. ఈసారి సుద్దగీత కొట్టలేదు. ఆ చివర నుంచి ఈ చివరికి, మిగిలిన గట్టంతా పెచ్చులు పెచ్చులుగా లేపుతూ వచ్చాడు. సగంలో ఉండగా బావ కూడా గడ్డపార పట్టుకుని వచ్చి అవతలి చివర మొదలెట్టాడు. మేస్త్రి భార్య వచ్చి పెచ్చులన్నీ తట్టకెత్తింది. పన్నెండయ్యేసరికి రోడ్డుకడ్డంగా మూడు వేళ్ళ గట్టు మాత్రం మిగిలింది, రికార్డులో ఉన్నట్టే.

తర్వాత మేస్త్రి అరుగు మీద కూర్చుని బకెట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. సన్నటి ఉలితో, రేకుకి దెబ్బ తగలకుండా, సిమెంటు వడ్డాణాన్ని రవ్వంత రవ్వంత ఊడదీశాడు. వాటర్ పేపరుతో రుద్దాడు. నొక్కుకుపోయిన చోట లోపల కర్రదిమ్మ ఆనించి బయట నుంచి సుత్తితో తట్టాడు. రేకు కమ్మగా మోగింది. ఏడు నెలలు గుడ్డతో వేగి వేగి, ఈ మోత వినేసరికి అతని చేతికి ప్రాణం లేచివచ్చింది. ఆ కారుకి వేయగా మిగిలిన పసుపుపచ్చ రంగు గిన్నెడుంటే, అది బయటంతా వేసి, ఎండలో ఆరబెట్టాడు.

సాయంత్రం బకెట్టు పట్టుకుని వీధి చివరికి వెళ్ళాడు. గుడ్లక్క గుమ్మంలో కూర్చుని అట్టల్లోంచి పగిలిన గుడ్లు వేరుచేస్తోంది. ఆ రోజు ఒక్కటీ పగిలినట్టు లేదు. గిన్నె ఖాళీగా ఉంది.

"నీకు ముందు నుంచీ తెలుసా అక్కా?" అన్నాడు మేస్త్రి నిలబడే.

"బకెట్టు తిరిగొచ్చిన రోజు నుంచీ తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట అడగలేదేం? పైపెచ్చు అర్జీలన్నీ నాచేతే రాయించావు."

"అందుకే రాయించాను" అంది గుడ్లక్క. "రాసేటప్పుడన్నా సిగ్గేస్తుందేమోనని. ఒకసారి చూశాను, వెయ్యలేదు. రెండోసారి చూశాను. నాలుగోసారి కొంచెం చెయ్యి వణికింది, అయితే దార్లో పడుతున్నాడు అనుకున్నా. అయిదోది రాయిద్దామనుకుంటూ ఉండగా నీ కారొచ్చింది."

మేస్త్రికి భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. "తప్పయిపోయిందక్కా" అన్నాడు. ఆ మాట పదకొండేళ్ళుగా గొంతులోనే ఉన్నట్టు బొంగురుగా వచ్చింది. బకెట్టు ముందుకి చాపాడు. "ఇదిగో. ఒరిజినల్ కండిషన్."

గుడ్లక్క బకెట్టు అందుకుంది. తిప్పి తిప్పి చూసింది. వేలితో తట్టి వింది. లోపల చెయ్యి పెట్టి తడిమింది. డాక్టరు కూడా కారుని అంతసేపు చూడలేదు.

"కొన్నప్పుడు ఇది పసుపుపచ్చ కాదే" అంది.

"ఆ రంగు..."

"సర్లే, బాగుంది. ఈ అంచు దగ్గర సొట్ట?"

మేస్త్రి వంగి చూశాడు. నిజంగానే ఉంది, వేలెడంత. "ఇది ముందు నుంచీ ఉన్నదేమో అక్కా."

"లేదు. మీ బావ అప్పుడు తిరిగివ్వడానికి తెస్తూ పడేశాడు. కిటికీలోంచి చూశా."

మేస్త్రి ఆమె పక్కనే గుమ్మంలో చతికిలబడి, జేబులోంచి చిన్న సుత్తి తీశాడు.